గుండెజబ్బు ఎవరికి వచ్చును? ఏల వచ్చును?

"నిన్నటివరకు గుండ్రాయివలె ఉన్న మనిషి; ఒక్కనాడైనను మంచమెక్కి ఎరుగడు." గుండెపోటుతో హఠాత్తుగా మరణించినవారిని గూర్చి ఇరుగుపొరుగువారు సాధారణముగా పలుకు మాటలివి. ఈ మాటలలో దుఃఖముతోపాటు ఒక నమ్మకము కూడ దాగియున్నది. వ్యాధి ముందుగా ఏ సూచనయు ఇవ్వలేదనియు, అది ఆకాశమునుండి పడిన పిడుగువంటిదనియు, నుదుటివ్రాత తప్ప దానికి వేరు కారణము లేదనియు ఆ నమ్మకము. డెబ్బదియైదేండ్లకు పైగా పెక్కు దేశములలో లక్షలాది ప్రజలను పరిశీలించిన వైద్య పరిశోధకులు ఇది సరికాదని నిరూపించిరి. గుండెపోటు ఒక్క క్షణములో వచ్చినను, దానికి కావలసిన సన్నాహము ఇరువది ముప్పది ఏండ్లుగా శరీరములో జరుగుచునే యుండును. ఆ సన్నాహమునకు తోడ్పడు విషయములలో అధికభాగము తిండి, పని, విశ్రాంతి, అలవాట్లు మొదలగు దైనందిన జీవితమునకు సంబంధించినవే.

ఈ సత్యము ఒక్క ప్రయోగశాలలో గాని, ఒక్క ఆసుపత్రిలో గాని వెల్లడియైనది కాదు. ఊళ్ళలో, కార్యాలయములలో, బస్సులలో, పొలములలో పనిచేయు సామాన్య ప్రజల జీవితములను ఏండ్ల తరబడి ఓపికతో లెక్కవేయగా బయటపడినది. ఆ లెక్క ఎట్లు వేసిరో, దానివలన ఏమి తెలిసినదో, ఆ తెలివి ఒక సామాన్య కుటుంబమునకు ఎట్లు ఉపయోగపడునో ఈ వ్యాసములో వివరింపబడినది.

గుండె, దాని రక్తనాళములు

గుండె ఇంచుమించు పిడికిలి పరిమాణము గల కండరము. అది రోజునకు సుమారు లక్ష సార్లు కొట్టుకొని శరీరమంతటికి రక్తమును పంపుచుండును. ఊరికంతకు నీరు పారించు యంత్రమునకు కూడ నూనె కావలసినట్లే, ఈ కండరమునకును ఆహారము, ప్రాణవాయువు కావలెను. వీనిని అందించు నాళములు గుండెపై కిరీటమువలె అల్లుకొని యుండును; వీనికి హృదయ ధమనులని పేరు.

వయసుతోపాటు ఈ ధమనుల లోపలి గోడలలో క్రొవ్వుతో కూడిన పదార్థము కొద్దికొద్దిగా పేరుకొనును. పంటకాలువలో మేట వేసినపుడు నీటి దారి సన్నగిల్లినట్లు రక్తపు దారియు సన్నగిల్లును. అయితే కాలువకును ధమనికిని ఒక భేదము కలదు. ధమనిలోని మేట ఒకనాడు పైపొర చిట్లి, అచ్చట రక్తము గడ్డకట్టవచ్చును. ఆ గడ్డ దారిని పూర్తిగా మూసివేసినచో, ఆ ధమనిపై ఆధారపడిన కండరభాగము ప్రాణవాయువు లేక చచ్చిపోవ మొదలిడును. దీనినే గుండెపోటు అందురు. చిట్లుట ఒక్క నిమిషపు పని; మేట వేయుట అనేక సంవత్సరముల పని. మేట వేయుచున్నంతకాలము నొప్పి ఉండకపోవచ్చును. "ఒక్కనాడైనను మంచమెక్కి ఎరుగడు" అను మాట నిజమే యగుటకు కారణమిదియే.

రోగిని గాక ఊరిని పరీక్షించుట

1945వ సంవత్సరము ఏప్రిల్ 12వ తేదీన అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్టు మెదడులో రక్తనాళము చిట్లి మరణించెను. అప్పటికి ఆయన వయసు 63. 1944 మార్చి నాటికే ఆయన రక్తపోటు 186/108గా నమోదైయుండెను. మరణించిన దినమున అది 300/190కి చేరినది. వయసు పెరిగినకొలది రక్తపోటు పెరుగుట సహజమని ఆ కాలపు వైద్యులలో పెక్కుమంది తలచెడివారు. దానిని తగ్గించుటకు తగిన మందులును అప్పటికి లేవు. ప్రపంచములోని గొప్ప వైద్యము అందుబాటులో ఉన్న వ్యక్తికే ఇట్టి గతి పట్టినదనిన, సామాన్యుల సంగతి చెప్పనక్కరలేదు.

1948 జూన్ నెలలో అమెరికాలో జాతీయ హృదయ శాసనము వెలువడినది. అదే సంవత్సరము మసాచుసెట్స్ రాష్ట్రములో, బోస్టను నగరమునకు పడమటగా ఉన్న ఫ్రేమింగ్‌హామ్ అను చిన్న పట్టణములో ఒక క్రొత్తరకపు పరిశోధన ఆరంభమైనది. అంతకుపూర్వము వైద్యులు జబ్బు పడినవారినే పరీక్షించి కారణములు వెదకెడివారు. కాని గుండెపోటు వచ్చినవానిని ప్రశ్నించినచో అతడు తన పూర్వపు అలవాట్లను సరిగా జ్ఞాపకము తెచ్చుకొనలేకపోవచ్చును. మరణించినవాడు అసలే చెప్పలేడు. కాబట్టి జబ్బు రాకముందే ఆరోగ్యవంతులను ఎన్నుకొని, వారి శరీరస్థితిని, అలవాట్లను వ్రాసి పెట్టుకొని, ఎవరికి జబ్బు వచ్చునో, ఎవరికి రాదో కనిపెట్టుచుండవలెనని పరిశోధకులు నిశ్చయించిరి.

30 నుండి 62 సంవత్సరముల వయసు గల 5,209 మంది స్త్రీపురుషులు ఇందుకు ఒప్పుకొనిరి. ఆ పట్టణ ప్రజలకు ఇట్టి పని క్రొత్త కాదు. 1916 తరువాత కొన్నేండ్లపాటు అచ్చటనే క్షయవ్యాధి నివారణకు ఒక ప్రదర్శన కార్యక్రమము జరిగియుండెను. రెండేండ్లకొకమారు ప్రతివారును వచ్చి బరువు, రక్తపోటు, రక్తములోని కొలెస్టరాల్, చక్కెర పరీక్షింపించుకొనెడివారు. గుండె విద్యుత్ చలనమును తెలుపు ఇ.సి.జి. తీయించుకొనెడివారు, పొగ త్రాగుట మొదలగు అలవాట్లను తెలియజేసెడివారు. 1949లో ఈ పనికి నాయకుడుగా వచ్చిన డాక్టరు థామస్ డాబరును, ఆయన సహచరులును ఆ వివరములను భద్రపరచిరి. ఇరువది సంవత్సరములు జరుపవలెనని తలపెట్టిన ఈ పరిశీలన నేటికిని సాగుచున్నది. 1971లో మొదటివారి సంతానమును, 2002లో మనుమలను మనుమరాండ్రను ఇందులో చేర్చుకొనిరి. ఒక్క ఊరి మూడు తరముల ఆరోగ్యచరిత్ర ఈవిధముగా గ్రంథస్థమైనది.

ఒక్క కారణము కాదు, కారణముల కూటమి

1961లో డాక్టరు విలియం కానెల్, ఆయన సహచరులు ఆరేండ్ల పరిశీలన ఫలితములను ప్రకటించిరి. రక్తపోటు హెచ్చుగా ఉన్నవారిలోను, రక్తములో కొలెస్టరాల్ హెచ్చుగా ఉన్నవారిలోను, ఇ.సి.జి.లో లోపము కనిపించినవారిలోను గుండెజబ్బు అధికముగా వచ్చినదని తేలినది. అంతకు ముందే పొగ త్రాగుటకును గుండెజబ్బునకును గల సంబంధము స్పష్టపడినది. తరువాతి సంవత్సరములలో శరీరశ్రమ గుండెకు మేలు చేయుననియు, స్థూలకాయము కీడు చేయుననియు, చక్కెర వ్యాధి ప్రమాదమును పెంచుననియు తెలిసినది. ఇట్టి విషయములకు పరిశోధకులు "ప్రమాద హేతువులు" అను అర్థము గల పేరు పెట్టిరి. ఆ మాట వైద్యశాస్త్రములో స్థిరపడుటకు ఫ్రేమింగ్‌హామ్ పరిశోధనయే ముఖ్యకారణము.

ప్రమాద హేతువనగా ఏమి? క్షయవ్యాధికి క్షయక్రిమి, మలేరియాకు దాని సూక్ష్మజీవి ఉన్నట్లు గుండెపోటునకు ఒక్క శత్రువు లేడు. పలువురు కలిసి ఒక బండిని లాగినట్లు పలు హేతువులు కలిసి మనిషిని జబ్బువైపు లాగును. ఒక్కొక్కటి విడిగా స్వల్పముగా కనిపించినను, కూడినపుడు వాని బలము అధికమగును. కొంచెము హెచ్చిన రక్తపోటు, కొంచెము హెచ్చిన చక్కెర, రోజునకు కొద్ది సిగరెట్లు, ఈ మూడును ఉన్న మనిషి, ఒక్కటి మాత్రమే తీవ్రముగా ఉన్న మనిషికంటె హెచ్చు ప్రమాదములో ఉండవచ్చును. కాబట్టి "నాకు బి.పి. కొంచెమే" అని తృప్తిపడుట తగదు.

ఈ హేతువులలో కొన్ని మార్పశక్యము కానివి. వయసు, వంశము అట్టివి. తండ్రికి గాని సోదరునికి గాని చిన్నవయసున గుండెపోటు వచ్చియున్నచో ఆ కుటుంబములోనివారు మరింత జాగ్రత్తగా ఉండవలెను. పొగాకు, రక్తపోటు, కొలెస్టరాల్, చక్కెర, నడుము చుట్టు క్రొవ్వు, శ్రమలేమి మొదలగునవి మార్పదగినవి. మార్పరానివానికి విచారించుటకంటె మార్పదగినవానిపై శ్రద్ధ వహించుట వివేకము.

డ్రైవరు కూర్చుండును, కండక్టరు నడచును

అదే కాలమున లండను నగరములో డాక్టరు జెరెమీ మోరిస్ వేరొక మార్గమున ఆలోచించెను. అచ్చటి బస్సులు రెండంతస్తులవి. డ్రైవరు పనివేళ అంతయు కూర్చుండియే యుండును. కండక్టరు టిక్కెట్లిచ్చుటకు రోజంతయు మెట్లెక్కి దిగుచుండును. ఒక పనిదినములో అయిదువందలకు పైగా మెట్లు ఎక్కెడివాడు. ఇద్దరును ఒకే బస్సులో, ఒకే వీధులలో, ఒకే సంస్థలో పనిచేయువారు. శరీరశ్రమలో మాత్రము వారికి గొప్ప భేదము. సుమారు 31,000 మంది రవాణా కార్మికుల ఆరోగ్యవివరములను పరిశీలించి, డ్రైవర్లకంటె కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా వచ్చుచున్నదనియు, వచ్చినను తక్కువ తీవ్రముగా ఉండుననియు మోరిస్ 1953లో ప్రకటించెను.

ఆయన అంతటితో ఆగలేదు. అసలే లావుగా ఉన్నవారు డ్రైవరు పనిని, చురుకైనవారు కండక్టరు పనిని ఎన్నుకొనియుండిరేమో యను సందేహము కలిగి, సంస్థవారు కుట్టించి యిచ్చిన దుస్తుల నడుము కొలతలను పరిశీలించెను. డ్రైవర్ల నడుములు నిజముగానే పెద్దవిగా ఉండెను. అనగా పని మొదలిడునాటికే కొంత భేదము ఉన్నదన్నమాట. తన సిద్ధాంతమునకు ప్రతికూలమైన ఈ విషయమును కూడ ఆయన దాచక 1956లో ప్రకటించెను. అటుపై ఇతర వృత్తులవారిని, తీరికవేళల వ్యాయామము చేయు ఉద్యోగులను పరిశీలించిన మీదటనే శ్రమకు గల మేలు దృఢపడినది. నడుచుచు ఉత్తరములు పంచు తపాలా బంట్రోతులకు, కూర్చుండి పనిచేయు గుమాస్తాలకంటె ఈ జబ్బు తక్కువగా ఉండెను. తన మాటను తానే శంకించుకొని పరీక్షించుట శాస్త్రజ్ఞుని లక్షణము. ప్రకటనలలో వచ్చు అద్భుత ఔషధములకును, ఇట్టి పరిశోధనలకును గల భేదమిదియే.

వైద్యులే పరీక్షకు నిలిచిరి

1951లో బ్రిటనులో రిచర్డు డాల్, బ్రాడ్‌ఫర్డు హిల్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు ఆ దేశపు వైద్యులందరికి ఉత్తరములు వ్రాసి, వారి పొగత్రాగు అలవాటును గూర్చి కొన్ని చిన్న ప్రశ్నలు అడిగిరి. సుమారు 40,000 మంది జవాబిచ్చిరి. తరువాత వారిలో ఎవరు ఎప్పుడు ఏ కారణమున మరణించిరో ఏటేట వ్రాసికొనిరి. ఊపిరితిత్తుల క్యాన్సరు మాత్రమే గాక, గుండెజబ్బు మరణములును పొగ త్రాగువారిలో హెచ్చుగా ఉన్నట్లు తేలినది. ఏబదియేండ్ల ఫలితములు 2004లో వెలువడినవి. ఆజన్మాంతము సిగరెట్లు త్రాగినవారు, త్రాగనివారికంటె సగటున సుమారు 10 సంవత్సరములు ముందుగా మరణించిరి. అయితే 60 ఏండ్ల వయసున మానినవారికి సుమారు 3 ఏండ్లు, 50వ ఏట మానినవారికి 6 ఏండ్లు, 40వ ఏట మానినవారికి 9 ఏండ్లు, 30వ ఏట మానినవారికి ఇంచుమించు పోయిన 10 ఏండ్లును తిరిగి దక్కినవి.

"ఇన్నేండ్లు త్రాగితిని, ఇక మాని ప్రయోజనమేమి?" అని పలుకు పెద్దలకు ఇంతకంటె మంచి సమాధానము లేదు. మానుటకు ఆలస్యమైన వయసు లేదు.

పోలిక వేరు, కారణము వేరు

రెండు విషయములు కలిసి కనిపించినంత మాత్రమున ఒకటి రెండవదానికి కారణమని చెప్పరాదు. మన దేశములోనే దీనికొక నిదర్శనము కలదు. 1958-62 మధ్య భారతీయ రైల్వే ఉద్యోగుల మరణములను డాక్టరు ఎస్. ఎల్. మల్హోత్రా పరిశీలించి, 1967లో ఫలితములు ప్రకటించెను. నెయ్యి, పాలు సమృద్ధిగా వాడు పంజాబీలకంటె, అంతగా వాడని దక్షిణాది ఉద్యోగులలో గుండెజబ్బు మరణములు పెక్కు రెట్లు హెచ్చుగా కనిపించినవి. దీనిని చూచి నెయ్యి గుండెకు రక్షయని ఒకరనవచ్చును. శ్రమయే భేదమని మరొకరనవచ్చును. తిండి పద్ధతియని వేరొకరనవచ్చును. రెండు ప్రాంతముల ప్రజలకు ఒక్క విషయములో గాక నూరు విషయములలో భేదముండును. కాబట్టి ఇట్టి పోలిక ప్రశ్నను లేవనెత్తునే గాని తీర్పు చెప్పజాలదు.

తీర్పు చెప్పుటకు వలసిన ప్రమాణములను బ్రాడ్‌ఫర్డు హిల్ 1965లో వివరించెను. సంబంధము బలముగా ఉన్నదా? వేరువేరు దేశములలో, వేరువేరు పరిశోధకులకు అదియే ఫలితము వచ్చుచున్నదా? కారణమని చెప్పబడునది జబ్బునకు ముందే ఉన్నదా? మోతాదు పెరిగినకొలది జబ్బు పెరుగుచున్నదా? దానిని తొలగించినచో జబ్బు తగ్గుచున్నదా? పొగాకును, రక్తపోటును, కొలెస్టరాల్‌ను ఈ గీటురాళ్ళపై పరీక్షించిన పిమ్మటనే వైద్యశాస్త్రము వానిని దోషులుగా నిర్ణయించినది.

"మా తాతగారు రోజంతయు చుట్ట కాల్చుచునే తొంబదియేండ్లు బ్రతికినారు" అను మాట పల్లెలలో తరచు వినబడును. అది అబద్ధము కాకపోవచ్చును. కాని ఆ తాతగారితోపాటు చుట్ట కాల్చి నలుబదియవ ఏటనో, ఏబదియవ ఏటనో కన్నుమూసినవారు తమ సంగతి చెప్పుకొనుటకు రచ్చబండకు రారు. గెలిచిన లాటరీ టిక్కెట్టును అందరును చూతురు. ఓడిన టిక్కెట్లు చెత్తలో కలిసిపోవును. ఒక్క మనిషి జీవితము కథ యగును. వేలమంది జీవితములు కలిసినపుడే లెక్క యగును. అందుచేతనే పరిశోధకులు ఊళ్ళకు ఊళ్ళను పరిశీలింపవలసి వచ్చినది.

ఒక జిల్లా దారి మార్చుకొన్న కథ

1958లో అన్సెల్ కీస్ అను అమెరికా శాస్త్రజ్ఞుని నాయకత్వమున ఏడు దేశములలో 40 నుండి 59 ఏండ్ల వయసు గల సుమారు 12,700 మంది పురుషులను పరిశీలించుట మొదలిడిరి. గ్రీసుదేశపు క్రీటు ద్వీపములో గుండెజబ్బు చాల తక్కువగాను, ఫిన్లాండు తూర్పు ప్రాంతములో మిక్కిలి హెచ్చుగాను కనిపించినది. ఉత్తర కారెలియా అను ఆ ఫిన్లాండు ప్రాంతములో అడవులలో కొయ్య కొట్టుచు, పాడిపశువులను పెంచుచు కాయకష్టము చేయు బలిష్ఠులైన పురుషులే నడివయసున కూలిపోవుచుండిరి. వెన్న, వెన్న తీయని పాలు, ఉప్పు, సిగరెట్లు అచ్చట విరివిగా వాడెడివారు. కూరగాయలు బహుస్వల్పము.

1971లో ఆ ప్రాంతపు ప్రజాప్రతినిధులే ప్రభుత్వమునకు మహజరు సమర్పించి సహాయము కోరిరి. 1972లో డాక్టరు పెక్కా పుస్కా నాయకత్వమున ఒక కార్యక్రమము ప్రారంభమైనది. అది ఆసుపత్రులు కట్టించుటతో ఆగలేదు. మహిళా సంఘములు గృహిణులకు క్రొత్త వంటలు నేర్పినవి. పాల సంఘములు క్రొవ్వు తగ్గించిన పాలను అమ్మ మొదలిడినవి. ఉప్పు తగ్గించిన ఆహారపదార్థములు దుకాణములకు వచ్చినవి. వెన్నకు బదులు వృక్షసంబంధమైన నూనెలు వాడుకలోనికి వచ్చినవి. పాడిపై ఆధారపడిన రైతులు నష్టపోకుండ పండ్లతోటల పెంపకమునకు ప్రోత్సాహము లభించినది. ఊరూర రక్తపోటు పరీక్షలు జరిగినవి. ఫలితముగా సుమారు ముప్పదియైదేండ్లలో పనిచేయు వయసు పురుషులలో గుండెజబ్బు మరణములు 80 శాతమునకు పైగా తగ్గినవి. నుదుటివ్రాత అనుకొన్నది వంటయింటిలోను, దుకాణములోను, పంచాయితీలోను తిరిగి వ్రాయవచ్చునని ఆ ప్రజలు లోకమునకు చాటిరి.

మన దేశమున

గుండెజబ్బు ధనవంతుల జబ్బనియు, నగరవాసుల జబ్బనియు మన దేశమున చాలకాలము భావించిరి. 1962లో అఖిల భారత హృదయ సంస్థను స్థాపించిన డాక్టరు ఎస్. పద్మావతి వంటివారు తొలినాళ్ళలోనే జనసముదాయములలో ఈ జబ్బును పరిశీలించి హెచ్చరించిరి. నేటి లెక్కలు మరింత స్పష్టముగా ఉన్నవి. 1990లో మన దేశములోని మొత్తము మరణములలో 15.2 శాతము గుండె, రక్తనాళముల జబ్బులవలన సంభవింపగా, 2016 నాటికి అది 28.1 శాతమైనది.

గోదావరి జిల్లాలలో 45 గ్రామములలో, సుమారు 1,80,000 జనాభాలో, 2003-04లో జరిగిన పరిశీలన ఈ విషయములో చెప్పుకొనదగినది. పల్లెలలో మరణకారణమును తెలుపు వైద్యపత్రములు అరుదు. అందుచే శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు మరణము జరిగిన ప్రతి యింటికిని వెళ్ళి, మృతుని చివరి దినములలో కనిపించిన లక్షణములను బంధువులనడిగి వ్రాసికొనిరి. వైద్యులు ఆ వ్రాతలను చదివి కారణమును నిర్ణయించిరి. ఒక్క సంవత్సరములో సంభవించిన 1,354 మరణములలో నూటికి 32 గుండె, రక్తనాళముల జబ్బులవలన కలిగినవే. పంటపొలముల నడుమ గల పల్లెలలో కూడ అంటువ్యాధులను మించి ఈ జబ్బు ప్రాణములు తీయుచున్నదని దీనివలన తెలిసినది.

2004లో 52 దేశముల పరిశోధన యొకటి వెలువడినది. డాక్టరు సలీం యూసఫ్ నాయకత్వమున జరిగిన ఈ పరిశోధనలో, మొదటిమారు గుండెపోటు వచ్చిన సుమారు 15,000 మందిని, అంతేమంది గుండెజబ్బు లేనివారితో పోల్చి చూచిరి. పొగాకు, రక్తములోని క్రొవ్వుల అసమత, అధిక రక్తపోటు, చక్కెర వ్యాధి, నడుము చుట్టు క్రొవ్వు, మానసిక వ్యథ, పండ్లు కూరగాయలు తినకుండుట, శ్రమలేమి, మద్యపానమునకు సంబంధించిన అలవాటు, ఈ తొమ్మిది విషయములే అన్ని దేశములలోను గుండెపోటు ప్రమాదములో సుమారు తొంబది శాతమునకు కారణములని తేలినది. భారత, పాకిస్తాన్, బంగ్లాదేశ్, శ్రీలంక, నేపాల దేశముల ప్రజల విషయములో మరొక సంగతి బయటపడినది. ఇతర దేశములలో మొదటి గుండెపోటు నడిమి వయసు సుమారు 59 ఏండ్లు కాగా, ఈ దేశములలో అది 53 ఏండ్లు మాత్రమే. మనవారి రక్తము వేరు కాదు. అవే హేతువులు మనవారిలో చిన్నవయసుననే అధికముగా కనిపించుటయే ఇందుకు ప్రధానకారణము. ఆరేండ్ల భేదమనగా అల్పము కాదు. కూతురు పెండ్లి, కుమారుని చదువు, ఇంటి అప్పు, ఇవన్నియు తీరవలసిన కాలమది.

ఈ జబ్బునకు పునాది బాల్యముననే పడునని కూడ మన ప్రాంతపు పరిశోధన సూచించినది. హైదరాబాదు సమీపమున 29 గ్రామములలో, 1987-90 మధ్య, కొన్ని గ్రామములలోని గర్భిణులకును పసిబిడ్డలకును జాతీయ పోషకాహార సంస్థ పర్యవేక్షణలో అదనపు ఆహారము అందించిరి. ఆ బిడ్డలు 13 నుండి 18 ఏండ్లవారైన పిమ్మట తిరిగి పరీక్షింపగా, ఆహారము అందిన గ్రామముల బిడ్డల రక్తనాళములు ఇతర గ్రామములవారికంటె కొంత మెత్తనివిగా, ఆరోగ్యకరముగా ఉన్నట్లు కనిపించినది. తల్లికి పెట్టిన పిడికెడు అన్నము బిడ్డ గుండెకు కూడ చేరునని దీని భావము.

కుటుంబము చేయదగిన పనులు

పై పరిశోధనల సారమును ఆచరణలో పెట్టుటకు ధనము అంతగా అవసరము లేదు.

మొదటిది, పొగాకు. సిగరెట్టు, బీడీ, చుట్ట యేదైనను హానికరమే. నమలెడు పొగాకును మేలైనది కాదు. ఇంటిలో ఒకరు త్రాగిన పొగ భార్యాబిడ్డల గుండెకును చెరుపు చేయును. మన దేశమున పొగాకు ఉత్పత్తుల నియంత్రణ శాసనము 2003లో వెలువడినది. 2008 అక్టోబరు 2వ తేదీనుండి బహిరంగ స్థలములలో పొగత్రాగుట నిషేధింపబడినది.

రెండవది, ఉప్పు. పెద్దవారికి రోజునకు 5 గ్రాములకు, అనగా ఒక చిన్న చెంచాకు లోపుగా ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఆవకాయ, అప్పడము, వడియము, ఊరమిరపకాయ, ఎండుచేప, మిక్చరు పొట్లము, వీనిలోని ఉప్పును కూడ ఈ లెక్కలో చేర్చవలెను. ఊరగాయను పూర్తిగా మానుమని ఎవరును చెప్పరు. ముద్దముద్దకు నంజుకొనుట మాని, భోజనమునకొక చిన్న ముక్కతో తృప్తిపడవలెను. పెరుగన్నములో విడిగా ఉప్పు కలుపుకొను అలవాటు మానదగినది.

మూడవది, నూనెలు, కూరలు. కాచిన నూనెనే మరల మరల కాచి వాడరాదు. వనస్పతివంటి గట్టిపరచిన నూనెలలోని ఒక జాతి క్రొవ్వు గుండెకు మిక్కిలి కీడు చేయును గనుక, దాని పరిమాణము 2 శాతమునకు మించరాదని 2022 జనవరినుండి మన దేశమున నిబంధన అమలులోనికి వచ్చినది. పాలిషు పట్టిన బియ్యపు అన్నమును కొంత తగ్గించి, పప్పు, ఆకుకూరలు, కూరగాయలు, జొన్నలు, రాగులు, కాలమునకు దొరకు జామ, బొప్పాయి వంటి పండ్లు పెంచవలెను.

నాలుగవది, శ్రమ. వారమునకు కనీసము 150 నిమిషములు, అనగా వారమునకు అయిదు దినములు అరగంట చొప్పున, కొంచెము ఆయాసము కలుగునట్లు వడిగా నడచినను చాలును. స్త్రీలు ఇంటిపనియే చాలునని తలచి తమ ఆరోగ్యమును విస్మరింపరాదు. గుండెజబ్బు పురుషుల సొత్తు కాదు.

అయిదవది, పరీక్ష. రక్తపోటునకు నొప్పి లేదు; కొలిచి చూచిననే గాని తెలియదు. అది మరల మరల 140/90కి చేరుచున్నను, మించుచున్నను వైద్యుని సలహా పొందవలెను. 30 ఏండ్లు దాటినవారందరును ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో రక్తపోటు, చక్కెర పరీక్షింపించుకొనవచ్చును. మందు వాడగా రక్తపోటు తగ్గినచో, అది మందువలన తగ్గినదని గ్రహింపవలెనే గాని, జబ్బు పోయినదని మందు మానరాదు. చేను పండినదని గట్టు తెగగొట్టుకొను రైతు ఉండడు.

ఆపద వచ్చినపుడు

రొమ్ము నడుమ బరువుగా, నొక్కినట్లుగా నొప్పి. అది ఎడమచేతికో, దవడకో, వీపునకో ప్రాకుట. చల్లని చెమట, ఆయాసము, వాంతి వచ్చినట్లుండుట, ఇవి గుండెపోటు సూచనలు. స్త్రీలలోను, చక్కెర వ్యాధి గలవారిలోను నొప్పి అంతగా లేక ఆయాసము, నీరసము మాత్రమే కనిపించవచ్చును. గ్యాసు నొప్పియని సోడా త్రాగి పండుకొనుట, తెల్లవారనిండని ఆగుట, ప్రాణాపాయకరము. కండరము నిమిషనిమిషమునకు చచ్చుచుండును. వెంటనే 108కి ఫోను చేసి, గుండెవైద్యము గల ఆసుపత్రికి చేర్పవలెను. రోగిని నడిపింపరాదు.

ఫ్రేమింగ్‌హామ్ పట్టణములోని 5,209 మంది తమకు ఏ జబ్బును లేకపోయినను రెండేండ్లకొకమారు వచ్చి చేయి చాచి రక్తమిచ్చిరి. గోదావరి పల్లెలలోని కుటుంబములు తమ దుఃఖమును మరల తలచుకొని, పోయినవారి చివరి దినముల సంగతి అపరిచితులకు చెప్పిరి. వారి ఓర్పువలన కలిగిన ఈ జ్ఞానము నేడు ఏ ఇంటికైనను ఉచితముగా లభించుచున్నది. దానిని పుస్తకములలో ఉంచక వంటయింటిలోనికి, పనిచోటికి తెచ్చుకొనినచో, కొన్ని కుటుంబములనైనను ఆ కాని కాలపు శోకము తప్పించుకొనగలదు.